గోవా క్యాసినోకు వెళుతున్నాం: కోతముక్కకు, మూడుముక్కలకు, రౌలెట్‌కు ఏది మంచిది?

పర్లాకిమిడి_బాబు | నవంబరు 14, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. డిసెంబరు మొదటి వారంలో నలుగురు స్నేహితులం గోవా ఎల్తన్నాం. సముద్రం, చర్చీలు ఎలాగూ చూస్తాం గానీ అసలు మనసంతా క్యాసినో మీదే ఉంది. కుమార పున్నమి జాగారానికీ, దీపావళికీ ఇళ్లలో పేక పట్టుకుని పెరిగినవాళ్లం. అసలు క్యాసినో టేబుల్ ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడాలని ఎప్పటినుంచో కోరిక.

చిక్కేమిటంటే నలుగురికీ నాలుగు ఆటల మీద మోజు. ఒకడికి మూడుముక్కలు, ఒకడికి కోతముక్క. ఇంకొకడు రమ్మీ తప్ప వేరేది ముట్టడు. నాకు రౌలెట్, అదే నంబర్ల చక్రంలో గోళీ తిప్పే ఆట. నెట్‌లో వెతికితే అన్ని క్యాసినోలకూ ఐదు చుక్కలే. బఫే బాగుంది, డాన్సు బాగుంది అని రాస్తారు తప్ప ఆట సంగతి ఎవరూ చెప్పరు. తలా పదిహేను వేలు పక్కన పెట్టుకున్నాం, మొత్తం పోయినా ఇంట్లో ఇబ్బంది ఉండదు. ఏ ఆటకు ఏ క్యాసినోకు వెళ్లాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రాయగడ_రైలుబండి | రాత్రి 9:40

బాబూ, క్యాసినో పేరు తర్వాత చూద్దాం. ముందు ఒకటి తేల్చుకోండి: మనిషి కూర్చుని పంచే ముక్కలు కావాలా, తెర మీద కనిపించే ముక్కలైనా ఫర్వాలేదా? గోవాలో చట్టమే ఈ రెండింటినీ వేరు చేసింది. గోవా, డామన్, డయ్యూ జూద చట్టం 1976 నాటిది. 1992లో దాన్ని సవరించి ఫైవ్ స్టార్ హోటళ్లలో మీట నొక్కి ఆడే స్లాట్ మిషన్లకు, ఎలక్ట్రానిక్ ఆటలకు అనుమతి ఇచ్చారు. 1996లో ఇంకో సవరణ తెచ్చి నీళ్ల మీద ఓడల్లో టేబుల్ ఆటలు ఆడించుకోవచ్చన్నారు. పణజిలో మాండవి నది మీద రాత్రిపూట దీపాలతో ఓడలు కనబడేది అందుకే. డెల్టిన్ రాయల్, డెల్టిన్ జాక్, క్యాసినో ప్రైడ్, మెజెస్టిక్ ప్రైడ్, బిగ్ డాడీ, ఇవన్నీ ఓడలే. జెట్టీ దగ్గర టికెట్టు తీసుకుంటే చిన్న పడవలో ఓడ దాకా తీసుకెళతారు.

మీ నలుగురి ఆటలూ టేబుల్ ఆటలే కాబట్టి హోటల్ క్యాసినోల జోలికి పోకుండా నేరుగా ఓడకే వెళ్లండి. వయసు 21 నిండాలి, ఆధార్ దగ్గర ఉంచుకోండి. నిక్కరు, రబ్బరు చెప్పులతో వెళితే కొన్ని చోట్ల రానివ్వరు.

పర్లాకిమిడి_బాబు | రాత్రి 9:58

ఇది మాకు తెలీనే తెలీదు. మావోడు హోటల్లోనే క్యాసినో ఉన్న రూము చూస్తన్నాడు. ఇప్పుడే ఆపించాను. మరి ఆ ఓడల్లో ఏది?

బరంపురం_లెక్కలమాస్టారు | నవంబరు 15, ఉదయం 6:25

బాబూ, ఏ ఓడ అన్నదానికి ఒక్క మాటలో జవాబు లేదు. ఒకే ఓడలో ఒక టేబుల్ నియమాలు బాగుంటాయి, పక్క టేబుల్‌వి బాగుండవు. టేబుల్‌ను ఎంచుకోవడం నేర్చుకుంటే ఏ ఓడ ఎక్కినా పనికొస్తుంది. నేను కాలేజీలో సంభావ్యత చెప్పినవాణ్ణి, ఈ విషయం రాయాలంటే నాకు ఉత్సాహం ఎక్కువ. నిడివి పెరిగితే ఏమనుకోకండి.

నీ రౌలెట్‌తో మొదలుపెడతాను. చక్రం దగ్గరికి వెళ్లి సున్నాలు లెక్కపెట్టు. ఒక్క సున్నా ఉంటే మొత్తం 37 గళ్లు. రెండు సున్నాలుంటే 38. ఎక్కడైనా సరే ఒక నంబరు మీద పెట్టి గెలిస్తే ఇచ్చేది 35 రెట్లే. అంటే గడి పెరుగుతుంది, ఇచ్చే డబ్బు పెరగదు. ఒక్క సున్నా చక్రంలో నువ్వు పెట్టే ప్రతి వందలోనూ సగటున 2 రూపాయల 70 పైసలు క్యాసినోకు మిగులుతుంది. రెండు సున్నాలైతే 5 రూపాయల 26 పైసలు.

పైసల్లో చూస్తే చిన్నగానే ఉంటుంది. గంటల్లో చూడు. చక్రం గంటకు సుమారు 40 సార్లు తిరిగిందనుకో, ప్రతిసారీ 500 పెట్టావనుకో. 20,000 పందెం తిరిగినట్టు. ఒక్క సున్నా దగ్గర సగటు ఖర్చు గంటకు 540 రూపాయలు, రెండు సున్నాల దగ్గర 1,052. అదే ఆట, అదే కుర్చీ, ఖర్చు దాదాపు రెట్టింపు. సగటు అంటున్నాను సుమా. ఆ గంటలో నీకు ఐదు వేలు రావచ్చు, ఐదు వేలు పోవచ్చు. కానీ ఆ టేబుల్ దగ్గర కూర్చోవడానికి నువ్వు కట్టే అద్దె మాత్రం అదే.

పర్లాకిమిడి_బాబు | ఉదయం 7:10

మాస్టారూ, ఎరుపు నలుపు మీద పెడితే సగం సగమే కదా? పోయినప్పుడల్లా రెట్టింపు పెట్టుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు తగలాలి కదా?

బరంపురం_లెక్కలమాస్టారు | ఉదయం 7:45

37 గళ్లలో ఎరుపు 18, నలుపు 18, సున్నా పచ్చ. సగానికి ఆ ఒక్క గడే తక్కువ, క్యాసినో బతికేది దాని మీదే.

రెట్టింపు సంగతి నీ పదిహేను వేలతోనే చూద్దాం. 500, 1,000, 2,000, 4,000. నాలుగు సార్లు వరసగా పోతే 7,500 అయిపోయింది. ఐదోసారి 8,000 కావాలి, నీ దగ్గర మిగిలింది 7,500. అంటే నాలుగో ఓటమికే నీ పద్ధతి ఆగిపోయింది. నాలుగు వరసగా పోయే అవకాశం దాదాపు 7 శాతం, ఇంచుమించు పద్నాలుగు సార్లలో ఒకసారి. ఒక రాత్రంతా ఆడితే అలాంటి వరస దాదాపు తప్పకుండా ఎదురవుతుంది. నీ దగ్గర లక్షలున్నా టేబుల్ మీద గరిష్ఠ పందెం అని ఒక బోర్డు ఉంటుంది, అక్కడ ఆపేస్తుంది. గెలిచినప్పుడు వచ్చేది 500, పోయినప్పుడు పోయేది 7,500. ఈ పద్ధతి వద్దు నాయనా.

బల్లార్షా_గని | ఉదయం 8:30

మాస్టారు చెప్పిన రెట్టింపు పిచ్చి మా వైపు మట్కా ఆడేటోళ్లకు కూడా ఉంటది. నెల జీతం పోయేదాకా పట్టుకుంటరు. మంచిగ చెప్పిండ్రు.

నాకు బ్లాక్‌జాక్ ఇష్టం. దానికి టేబుల్ ఎట్ల చూసుకోవాలె?

బరంపురం_లెక్కలమాస్టారు | ఉదయం 9:05

క్యాసినోలో బుద్ధికి కాస్త విలువ ఉండే ఆటల్లో ఇదొకటి. మన ముక్కల మొత్తం 21 దాటకుండా, ముక్కలు పంచే డీలరు కన్నా ఎక్కువ తెచ్చుకోవాలి. టేబుల్ గుడ్డ మీదే రాసి ఉంటుంది, వంగి చదవండి. బ్లాక్‌జాక్‌కు 3కి 2 ఇస్తారా, 6కి 5 ఇస్తారా? మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ ముక్క పడితే బ్లాక్‌జాక్. వెయ్యి పెట్టి ఉంటే 3కి 2 టేబుల్ మీద 1,500 వస్తుంది, 6కి 5 మీద 1,200. ఇది సుమారు 21 చేతులకు ఒకసారి పడుతుంది, పడ్డ ప్రతిసారీ 300 నష్టం. దీంతోనే క్యాసినో వాటా ఉన్నదాని మీద ఇంకో 1.4 శాతం దాకా పెరుగుతుంది.

రెండోది, ఆసును పదకొండుగా లెక్కించి డీలరుకు 17 వస్తే ఆగాలా, ఇంకో ముక్క తీయాలా? ఆగే టేబుల్ మనకు మేలు, తేడా 0.2 శాతం వరకు ఉంటుంది. మంచి నియమాలున్న టేబుల్ దొరికి, ఏ చేతికి ఏం చేయాలో చెప్పే పట్టిక కంఠతా వచ్చి ఉంటే క్యాసినో వాటా అర శాతం దగ్గర్లో ఉంటుంది. పట్టిక రానివాడికి ఆ అర శాతం దక్కదు, మనసుకు తోచినట్టు ముక్కలు అడిగితే రెండు మూడు శాతం ఊరికే పోతుంది.

గుణుపురం_చందు | ఉదయం 10:15

మూడుముక్కలు, కోతముక్క మనవాళ్ల ఆటలు. క్యాసినోలో అవి ఇంట్లో ఆడినట్టే ఉంటాయా?

రాయగడ_రైలుబండి | మధ్యాహ్నం 1:20

ఉండవు. అక్కడే చాలామంది తడబడతారు, కాబట్టి బాబు స్నేహితుడికి ముందే చెప్పండి.

ఇంట్లో మూడుముక్కలు ఆడితే ఎదుటివాడి మొహం చూసి ఆడతాం. ముక్కలు చూడకుండా బ్లైండ్ వేస్తాం, బెదిరిస్తాం, ఎదుటివాడు ముక్కలు వదిలేసేలా ప్యాక్ చేయిస్తాం. క్యాసినోల్లో చాలా చోట్ల మూడుముక్కల టేబుల్ అంటే మీరొక్కరూ డీలరుతో ఆడేది. ముందు ఒక పందెం పెడతారు, మూడు ముక్కలు చూస్తారు, వదిలేయాలా అంతే మొత్తం మళ్లీ పెట్టాలా తేల్చుకోవాలి. డీలరుకు బెదురు ఉండదు, డీలరును ప్యాక్ చేయించలేరు. డీలరు చేతిలో రాణి గానీ అంతకు పైది గానీ లేకపోతే డీలరు చేయి లెక్కలోకి రాదనే నియమం చాలా చోట్ల ఉంటుంది. ఆ నియమం ఉన్న టేబుల్ దగ్గర గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే: రాణి, ఆరు, నాలుగు. చేతిలో అంతకు తక్కువైతే వదిలేయడం, అంత గానీ పైన గానీ ఉంటే ఆడడం.

ఇంకో తిరకాసు ఉంది. మన ఆటలో ట్రయల్, అంటే మూడూ ఒకే ముక్కలు, అన్నిటికన్నా పెద్దది. తర్వాతే ప్యూర్ సీక్వెన్స్, అంటే ఒకే గుర్తులో వరస ముక్కలు. త్రీ కార్డ్ పోకర్ అని రాసి ఉన్న టేబుల్‌లో ప్యూర్ సీక్వెన్స్ పెద్దది, ట్రయల్ దాని కింద. మూడు రాజులు పట్టుకుని గెలిచాననుకున్నవాడికి డీలరు ఇస్పేటు ఐదు, ఆరు, ఏడు చూపిస్తే అప్పుడు తెలుస్తుంది. ఏ వరస నడుస్తోందో కూర్చునే ముందే డీలరును అడగండి. అడిగితే మర్యాదగానే చెబుతారు.

బరంపురం_లెక్కలమాస్టారు | మధ్యాహ్నం 2:50

కోతముక్క నేను అందుకుంటాను. మధ్యలో ఒక ముక్క తెరుస్తారు. తర్వాత లోపల, బయట అంటూ ఒకటి తర్వాత ఒకటి వేసుకుంటూ పోతారు. మొదటి ముక్కకు జత ఎటువైపు పడితే అటు పెట్టినవాళ్లు గెలిచినట్టు. అందరూ సగం సగం అనుకుంటారు. కాదు, ముక్కలు వేయడం ఏ వైపు మొదలైతే ఆ వైపు గెలిచే అవకాశం 51.5 శాతం, రెండోవైపు 48.5. మొదటివైపుకు ఎప్పుడూ ఒక ముక్క ముందుంటుంది కాబట్టి ఆ తేడా.

క్యాసినోకు ఇది తెలుసు. అందుకే మొదటివైపు గెలిస్తే రూపాయికి 90 పైసలు ఇచ్చి, రెండోవైపుకు రూపాయికి రూపాయి ఇచ్చే పద్ధతి ఉంది. లెక్క వేయండి. మొదటివైపు వందకు 2 రూపాయల 15 పైసలు క్యాసినో వాటా, రెండోవైపు సుమారు 3 రూపాయలు. 90 పైసలే ఇస్తున్నారని అలిగి చాలామంది రెండోవైపు పెడతారు, అది తప్పు. కాబట్టి కోతముక్క స్నేహితుడు చూడాల్సినవి రెండే: మొదటి ముక్క ఏ వైపు పడుతుంది, ఆ వైపు ఎంత ఇస్తారు. ఎన్నో ముక్కకు జత పడుతుందని పక్కన పెట్టే పందేలు, రంగు పందేలు ఉంటాయి. చెల్లింపు పెద్దగా రాసి ఊరిస్తారు, వాటా కూడా అంత పెద్దగానే తీసుకుంటారు. వాటి జోలికి వెళ్లనక్కర్లేదు.

పక్కనే బకారా టేబుల్ ఉంటే ఒకసారి చూడమనండి. నేర్చుకోవడానికి ఏమీ లేని ఆట. బ్యాంకర్, ప్లేయర్ అని రెండు చేతులు పంచుతారు, ఏది గెలుస్తుందో, లేదా సమానం (టై) అవుతుందో పందెం పెట్టడమే. బ్యాంకర్ మీద పెడితే వాటా 1.06 శాతం, ప్లేయర్ మీద 1.24. టై మీద పెడితే మాత్రం 14 శాతం దాటుతుంది. ఒకే టేబుల్, ఒకే గుడ్డ, జానెడు దూరంలో గీసిన మూడు గళ్లు. చేయి ఎక్కడ పెట్టాలన్నదే ఎంపిక.

గుణుపురం_చందు | సాయంత్రం 4:30

మాస్టారూ, మా వైపు జాతరల్లో ఆడే గుండాటలో వాటా ఎంత? ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నా.

బరంపురం_లెక్కలమాస్టారు | సాయంత్రం 5:10

మూడు పాచికలతో ఆడి, నీ బొమ్మ ఒకటి పడితే ఒక రెట్టు, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు ఇచ్చే చోట చెబుతాను. మొత్తం 216 రకాలుగా పడవచ్చు. 125 సార్లు నీ బొమ్మ అసలు పడదు. 75 సార్లు ఒకటి, 15 సార్లు రెండు, ఒక్కసారి మూడు. వచ్చేది 75, 30, 3 కలిపి 108. పోయేది 125. తేడా 17. అంటే 216 రూపాయలకు 17 రూపాయలు, దాదాపు 7.9 శాతం. పాచికలు నిజాయితీగా ఉన్నాయనుకుంటేనే ఈ లెక్క. రెండు సున్నాల రౌలెట్ కన్నా కూడా ఇది చాలా ఖరీదు. పైగా గుండాట పటం దగ్గర ఒక ఆట అర నిమిషంలో అయిపోతుంది. అదీ లెక్కలోకి తీసుకోవాలి.

నిర్వాహకులు | సాయంత్రం 6:00

ఒక సభ్యుడు పెట్టిన ఆన్‌లైన్ క్యాసినో లింకును తొలగించాం. ఇంట్లో కూర్చునే గోవా ఆటలు ఆడవచ్చని రాశారు. అలాంటి లింకులు ఇక్కడ ఉండనివ్వం. దయచేసి ఎవరూ పెట్టవద్దు.

జయపురం_అక్క | సాయంత్రం 6:35

తీసేసినందుకు ధన్యవాదాలు. దీని గురించి నేను చెప్పాలి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా కూడా పెట్టలేదు. ఆడించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడేవాళ్లను నేరస్తులుగా చూడలేదు, బాధితులుగానే చూసింది. అయినా టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో లింకులు వస్తూనే ఉన్నాయి. అక్కడ డీలరు ఎవరో తెలీదు, గెలిచినా డబ్బు ఇస్తారన్న నమ్మకం లేదు, ఫిర్యాదు చేద్దామంటే ఎదురుగా కౌంటరే ఉండదు.

నేను పనిచేసే చోటికి జీతం మీద అప్పు కోసం వచ్చే పిల్లల్లో ఈ యాప్‌ల వల్ల మునిగినవాళ్లను చూస్తుంటాను. ఇరవై అయిదేళ్లు కూడా ఉండవు. ఒకబ్బాయి ఖాతా స్టేట్‌మెంటులో అర్ధరాత్రి ఒంటిగంట నుంచి తెల్లవారే దాకా వరసగా ఐదువందలు, ఐదువందలు, ఐదువందలు. పక్కన జమ కాలమ్ అంతా ఖాళీ. గోవా ఓడ ఎక్కాలంటే రైలెక్కాలి, సెలవు పెట్టాలి, ఇంట్లో చెప్పాలి. ఫోనుకు ఇవేవీ అక్కర్లేదు. అందుకే ఫోన్లో ఆడడమంటే నాకు భయం.

మీ నలుగురిలో ఎవరికైనా ఆడకపోతే నిద్ర పట్టకపోవడం, అప్పు తెచ్చి ఆడడం, పోయినది రాబట్టాలని మళ్లీ కూర్చోవడం ఉంటే ఈ ప్రయాణం మానుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడతారు.

పర్లాకిమిడి_బాబు | రాత్రి 8:20

అక్కా, మా నలుగురిలో ఆ బాపతు ఎవరూ లేరు. అయినా మీరు రాసింది ముగ్గురికీ పంపాను.

రమ్మీ వాడికే ఇంకా జవాబు రాలేదు. ఎవరైనా చెప్పండీ.

సిరొంచ_గోదారి | రాత్రి 9:00

రమ్మీ ముచ్చట నేను చెప్త తమ్మీ. మాది సిరొంచ, ప్రాణహిత వచ్చి గోదారిల కలిసే తావు. అవతలి ఒడ్డు కాళేశ్వరం. తెలంగాణల 2017ల జూదం చట్టం మార్చి రమ్మీకున్న మినహాయింపు తీసేసిండ్రు. గప్పటి సంది ముక్కలు ఆడేటోళ్లు సరిహద్దు దాటుడు మొదలువెట్టిండ్రు.

రమ్మీల పోటీ క్యాసినోతోని కాదు, పక్క కుర్చీలున్న మనిషితోని. క్యాసినోకు గాని క్లబ్బుకు గాని దొరికేది టేబుల్ కమీషన్. అందుకని రమ్మీ ఆడేటోడు మొదట చూడాల్సింది గా కమీషన్ ఎంత, ఎట్ల తీస్తరు, ఆటకింతా లేకుంటే గంటకింతా అని. రెండోది ఎదురుంగ ఎవలు కూసున్నరు. దినాం గదే పనిగ ఆడేటోళ్ల నడుమ కొత్తోడు కూసుంటే లెక్కలేం పనిచెయ్యయి.

ధర్మాబాద్_వ్యాపారి | రాత్రి 9:45

సిరొంచ అన్న చెప్పింది నిజం. నాకు రమ్మీ అంటే ప్రాణం, కానీ రమ్మీ కోసం గోవా వెళ్లమని ఎవరికీ చెప్పను. అక్కడ ఓడల్లో ముందువరస అంతా బకారా, రౌలెట్, కోతముక్కలదే. పేక ఆటల్లో మనిషితో మనిషి ఆడేదంటే పోకర్ గది. పదమూడు ముక్కల రమ్మీ టేబుల్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోకుండా టికెట్టు కొనకండి.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1968లో చెప్పిన తీర్పు మన తెలుగువాళ్ల కేసే. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు అది. ముక్కలు గుర్తు పెట్టుకోవడం, ఏది పట్టుకోవాలో ఏది పారేయాలో తెలియడం నైపుణ్యమే అంది కోర్టు. మూడుముక్కలాట మాదిరిగా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదంది. అయితే క్లబ్బు ఆ ఆట మీద లాభం తీసుకుంటుంటే అది వేరే సంగతి అని కూడా అంది. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు.

మా మహారాష్ట్రలో 1887 నాటి జూద చట్టంలో నైపుణ్యం ఆటలకు మినహాయింపు ఉంది. మీ ఒడిశాలో 1955 చట్టంలో ఆ మినహాయింపే లేదు. అంటే పర్లాకిమిడిలో డబ్బు పెట్టి రమ్మీ ఆడినా ఇబ్బందే, నైపుణ్యం మాట అక్కడ ఆదుకోదు. మా దగ్గర క్యాసినో వస్తుందని కూడా చాలాకాలం అనుకున్నారు. 1976లో చేసిన క్యాసినో చట్టం ఒక్కరోజు కూడా అమలు కాకుండానే 2023లో రద్దయింది. కాబట్టి మన రెండు రాష్ట్రాల్లో ఎవరైనా క్యాసినో నైట్ అని ఫాంహౌస్‌కు పిలిస్తే వెళ్లకండి. పోలీసులు వస్తే బండి నంబరుతో సహా రాసుకుంటారు.

ఛత్రపురం_సుధ | నవంబరు 16, ఉదయం 7:30

గోవా కాకుండా సిక్కిం ఎలా ఉంటుంది? మా ఆయన ఇద్దరం వెళదామంటున్నారు. నాకు ఆ గోల, డాన్సులు పడవు.

రాయగడ_రైలుబండి | ఉదయం 8:45

అమ్మా, గోల వద్దనుకుంటే సిక్కిమే మేలు. అక్కడ 2002 చట్టం కింద హోటళ్లలోనే క్యాసినోలకు లైసెన్సు ఇస్తారు, టేబుళ్లు నేల మీదే. గ్యాంగ్‌టక్‌లో మేఫెయిర్ హోటల్లో క్యాసినో మహ్‌జాంగ్ ఉంది. మనుషులు తక్కువ కాబట్టి టేబుల్ దగ్గర నిలబడి నియమాలు తీరిగ్గా చదువుకోవచ్చు, కొత్తవాళ్లకు ఇది పెద్ద లాభం. కాకపోతే టేబుళ్లు కూడా తక్కువ, నచ్చిన ఆట ఆ రోజు తెరిచి ఉండకపోవచ్చు. కొండలు చూడడానికి వెళ్లి ఒక సాయంత్రం క్యాసినో చూసి రావడానికైతే బాగుంటుంది.

బల్లార్షా_గని | ఉదయం 9:30

నేపాల్, శ్రీలంక ప్యాకేజీలని ఏజెంట్లు వెనుక పడుతున్నరు. విమానం ఫ్రీ, రూము ఫ్రీ అంటరు. నిజమేనా?

ధర్మాబాద్_వ్యాపారి | ఉదయం 10:40

విమానం, రూము నిజంగానే ఇస్తారు. దాని వెల వేరే చోట కడతారు. ముందే ఇన్ని లక్షల చిప్స్ (టేబుల్ మీద డబ్బుకు బదులు పెట్టే బిళ్లలు) కొనాలి, అవి నగదుగా మారని చిప్స్. వాటిని టేబుల్ మీద అంతా తిప్పాలి. మాస్టారు చెప్పినట్టు పందెం ఎంత తిరిగితే అంత వాటా పోతుంది. రూము అద్దె అక్కడే వసూలైపోతుంది. పైగా ఏజెంటు అక్కడ అప్పు కూడా ఇస్తాడు. ఊరికి వచ్చాక ఆ అప్పు వసూలు చేసే తీరు వేరు. నాకు తెలిసిన ఒక కుటుంబం దుకాణం అమ్ముకుంది. వద్దని గట్టిగా చెబుతున్నాను.

బాబూ, గోవా లెక్కలో నువ్వు పన్ను వేసుకోలేదు. 2023 అక్టోబరు 1 నుంచి క్యాసినోలో చిప్స్ కొన్న మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పెట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. గెలిచిన చిప్స్‌తో మళ్లీ ఆడితే మళ్లీ పన్ను ఉండదు, మొదట కొన్నప్పుడే. కౌంటరు దగ్గర ఒకే ప్రశ్న అడుగు: నేను పదివేలు ఇస్తే నా చేతికి ఎన్ని రూపాయల చిప్స్ వస్తాయి? దీనికి సూటిగా జవాబు చెప్పే చోటే కొను. ఆటలో వాటా రెండు శాతమా ఐదు శాతమా అని ఎంత వెతికినా, చిన్న మొత్తంతో ఆడేవాడికి ఈ కౌంటరు దగ్గర తేడానే పెద్దది.

గెలుపు మీద ఆదాయ పన్ను 30 శాతం, సెస్సు అదనం. పోయిన డబ్బును అందులోంచి తగ్గించుకోనివ్వరు. పదివేలు దాటిన గెలుపుల మీద ముందే కోసుకునే నిబంధన ఉంది, అందుకని పాన్ కార్డు వెంట ఉంచుకోండి.

పర్లాకిమిడి_బాబు | ఉదయం 11:25

వ్యాపారి గారూ, 40 శాతం అంటే గుండె ఝల్లుమంది. మరి ప్యాకేజీలో చిప్స్ కలిపి ఇస్తారు కదా, అది లాభమేనా?

రాయగడ_రైలుబండి | మధ్యాహ్నం 12:15

ప్యాకేజీ చిప్స్‌లో చాలావరకు ఒక్కసారి ఆటకే పనికొచ్చేవి. అవి పట్టుకుని కౌంటరుకు వెళితే డబ్బు ఇవ్వరు. టేబుల్ మీద పెట్టాలి, గెలిస్తే వచ్చిన మామూలు చిప్స్ మీవి, ఓడితే అంతే. కాబట్టి ప్యాకేజీ ధరలో ఆ చిప్స్ విలువను పూర్తిగా తీసేసి చూడకండి. దాన్ని భోజనం, పడవ, ఒక సాయంత్రం టికెట్టు అనుకోండి. ఆ ధరకు సాయంత్రం నచ్చుతుందా అన్నదే చూడండి.

శని ఆదివారాలు వద్దు. జనం ఎక్కువైన రోజు ప్యాకేజీ ధరా పెరుగుతుంది, టేబుల్ మీద కనీస పందెమూ పెరుగుతుంది. తలా పదిహేను వేలవాళ్లకు కనీస పందెమే అన్నిటికన్నా ముఖ్యం. కనీసం వెయ్యి అని రాసిన టేబుల్ దగ్గర మీరు పదిహేను పందేలవాళ్లు. క్రిస్మస్ దగ్గరికి పోకుండా మొదటి వారం పెట్టుకున్నారు, అది మంచిది. వారం మధ్యలో మధ్యాహ్నం ఎక్కండి.

బరంపురం_లెక్కలమాస్టారు | మధ్యాహ్నం 3:00

రైలుబండి గారి మాటకు ఒక్కటి కలుపుతాను. నెమ్మదిగా నడిచే టేబుల్ వెతుక్కోండి. జనం నిండా ఉన్న రౌలెట్ గంటకు 40 సార్లు కూడా తిరగదు, మీ డబ్బు ఎక్కువసేపు ఉంటుంది. స్లాట్ మిషన్ అయితే గంటకు 500 సార్లు నొక్కవచ్చు. నొక్కుకు 20 రూపాయలే కదా అనిపిస్తుంది, గంటకు 10,000 తిరిగినట్టు. పైగా ఆ మిషన్ వాటా ఎంతో దాని మీద రాసి ఉండదు. మిగిలిన టేబుళ్ల లెక్క కాగితం మీద వేసుకోవచ్చు, దీనిది వేసుకోలేం. అందుకే నా విద్యార్థులెవరు అడిగినా మిషన్ల వరస దాటి లోపలికి వెళ్లమని చెబుతాను.

జయపురం_అక్క | సాయంత్రం 4:40

డబ్బు నగదుగానే తీసుకెళ్లండి. బ్యాంకు కార్డులు, ఫోను హోటల్ గదిలో పెట్టేయండి. నలుగురి డబ్బూ ఒకచోట కలపకండి, ఎవరి కవరు వాళ్లది. ఒకరి కవరు అయిపోతే మిగతా ముగ్గురూ చేబదులు ఇవ్వకూడదని ఇక్కడే, పర్లాకిమిడిలోనే, మాట అనుకుని బయలుదేరండి. ఓడ మీద ఆ మాట అనుకోవడం కుదరదు.

పర్లాకిమిడి_బాబు | రాత్రి 8:50

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. ఈ సాయంత్రం నలుగురం కూర్చుని అంతా చదివాం. తేల్చుకున్నది ఇదీ.

ఓడే ఎక్కుతాం, బుధవారం మధ్యాహ్నం. ఏ ఓడ అన్నది రేపు ఫోన్లు చేసి తేలుస్తాం. అన్నిచోట్లా అవే నాలుగు ప్రశ్నలు అడుగుతాం: రౌలెట్‌కు సున్నాలెన్ని, కోతముక్కలో మొదటివైపు ఎంత ఇస్తారు, ఆ రోజు కనీస పందెం ఎంత, పదివేలకు చేతికి ఎన్ని చిప్స్. జవాబు సరిగా చెప్పిన ఓడకే టికెట్టు. మూడుముక్కలవాడు రాణి, ఆరు, నాలుగు అని జపం చేస్తన్నాడు. రమ్మీ వాడు ఆడనన్నాడు, తోడు వస్తానన్నాడు. జయపురం అక్క చెప్పిన కవర్ల బాధ్యత వాడికే అప్పగించాం. అక్క పెట్టిన షరతు మీద నలుగురం మాటిచ్చుకున్నాం.

ఇంక రైలే. రైలుబండి గారూ, మాకు ఏది వీలు?

రాయగడ_రైలుబండి | రాత్రి 9:15

పర్లాకిమిడి నుంచి బస్సులో బరంపురం వచ్చేయండి. గోవాలోని వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది, మారాల్సిన పని లేదు. రోజూ ఉండదు, వారాలు చూసుకుని బుధవారానికి సరిపడేలా బయలుదేరండి. డిసెంబరు కాబట్టి స్లీపరు ఇప్పటికే నిండుతూ ఉంటుంది, ఈ రాత్రే చూడండి. తిరుగు టికెట్టు కూడా ఇప్పుడే తీసేయండి, గెలిచాక విమానంలో వద్దామన్న ఆలోచన పెట్టుకోకండి.